బోరు నీటిలో వ్యర్థజలం కలిసిందో లేదో తేల్చుకోవడం ఎలా: నమూనా తీయడం నుంచి ఫిర్యాదు దాకా

కడప, అనంతపురం, కర్నూలు ప్రాంతాల పాఠకులు కొన్నేళ్లుగా దాదాపు ఒకే ప్రశ్న అడుగుతున్నారు. పైన ఎక్కడో ఒక పరిశ్రమ వ్యర్థజలాన్ని నిల్వ చేసే గుంట ఉంది, తమ బోరు నీటి రుచి మారింది, చీనీ ఆకుల అంచులు మాడుతున్నాయి, డ్రిప్పు రంధ్రాల దగ్గర తెల్లటి పొర కడుతోంది. ఆ గుంట నీళ్లే ఊరి బోర్లలోకి దిగుతున్నాయని నిరూపించడానికి ఏం చేయాలని వారి ప్రశ్న. ఒక్క బోరు నుంచి ఒక్కసారి తీసిన నీటితో, అది ఎంత మంచి ల్యాబ్ అయినా, ఏమీ తేలదు. ఒకే రోజున, ఒకే పద్ధతిలో, గుంటకు ఎగువనా దిగువనా ఉన్న బోర్ల నీళ్లు తీసి పోల్చినప్పుడే రిపోర్టు మాట్లాడుతుంది. ఈ వ్యాసమంతా ఆ పోలికను తప్పుల్లేకుండా చేసుకోవడం గురించే.

ముందు తెలుసుకోవలసినది కొద్దిగా

ప్రతి వ్యర్థజలమూ తనదైన జాడను వదులుతుంది. చమురు, సహజవాయువు బావుల్లో చమురుతో పాటు లోతుల్లోంచి పైకి వచ్చే నీరు చాలా ఉప్పగా ఉంటుంది; అందులో సోడియం, క్లోరైడ్‌తో పాటు బ్రోమైడ్, బేరియం, స్ట్రాన్షియం, నూనె అంశాలు, కొన్నిచోట్ల రేడియం కూడా ఉంటాయి. దాన్ని శుద్ధి చేసి మళ్లీ లోతైన పొరల్లోకి పంపుతారు; అస్తరు (నీరు ఇంకకుండా అడుగున పరిచే పొర) లేని గుంటల్లో నిలవబెట్టినా, పంపే బావి కేసింగ్ దెబ్బతిన్నా, సిమెంటు సరిగా పట్టకపోయినా ఆ ఉప్పునీరు పై పొరల్లోని మంచినీటిలో కలుస్తుంది. మన రాష్ట్రంలో ఆ బావులు కోనసీమ, గోదావరి, కృష్ణా ప్రాంతాల్లో ఉన్నాయే తప్ప రాయలసీమలో లేవు. ఇక్కడి గుంటలు వేరు. వేముల మండలంలోని తుమ్మలపల్లెలో యురేనియం ఖనిజాన్ని సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్‌లతో క్షార పద్ధతిలో కరిగిస్తారు కాబట్టి అక్కడి టెయిలింగ్ పాండ్ (ఖనిజం తీశాక మిగిలే వ్యర్థాన్ని నిలవచేసే గుంట) విషయంలో సోడియం, ఆల్కలినిటీ (నీటి క్షార గుణం), సల్ఫేట్, యురేనియం చూడాలి. ఆ పాండ్ చుట్టుపక్కల పల్లెల రైతులు బోరు నీటిపై చేసిన ఫిర్యాదులు మీరు పత్రికల్లో చదివే ఉంటారు. ధర్మవరం వంటి చోట్ల పట్టు అద్దకపు నీటికి రంగు, సీఓడీ (నీటిలోని సేంద్రియ మలినాల కొలత), ఉప్పు లవణాలు గుర్తు. తాడిపత్రి, బేతంచెర్ల పాలిష్ యూనిట్ల బురద ఎక్కువగా కరగని రాతిపొడి. అది వంకలను, కుంటలను పూడ్చేస్తుంది గాని బోరు నీటి ఉప్పదనానికి సాధారణంగా కారణం కాదు.

మరొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. అనంతపురం నీటిలోని ఫ్లోరైడ్ చాలావరకు అక్కడి రాళ్లలోంచే వస్తుంది. నైట్రేట్ పేడ దిబ్బలు, మరుగుదొడ్ల గుంతలు, యూరియా నుంచి వస్తుంది. ఈ రెండింటిని చూపించి ఫ్యాక్టరీ మీద ఫిర్యాదు చేస్తే ఆ ఫిర్యాదు మొదటి విచారణలోనే వీగిపోతుంది.

కావలసినవి

కొత్త పాలిథీన్ సీసాలు, ఒక్కో బోరుకు లీటరుది ఒకటి, అర లీటరుది ఒకటి. నూనె పరీక్ష కావాలంటే ల్యాబ్ వారు ఇచ్చే గాజు సీసా. ఈసీ (నీటి విద్యుత్ వాహకత) లేదా టీడీఎస్ (నీటిలో కరిగిన మొత్తం లవణాలు) మీటరు, దాన్ని సరిచూసుకోవడానికి 1413 మైక్రోసీమెన్స్ ప్రామాణిక ద్రావణం. పీహెచ్ మీటరు ఉంటే మంచిదే, లేకపోయినా పని ఆగదు. థర్మాకోల్ పెట్టె, ఐసు, చెరగని మార్కరు, ఒక నోటు పుస్తకం, లొకేషన్ నమోదయ్యే కెమెరా ఉన్న ఫోన్. ఖర్చు తగ్గించుకోవాలంటే అప్పుడే ఖాళీ చేసిన మినరల్ వాటర్ సీసాను సాధారణ లవణాల పరీక్షకు వాడవచ్చు. కూల్‌డ్రింక్, ఫినాయిల్, పురుగుమందు, కిరోసిన్ సీసాలను ఎంత కడిగినా వాడకూడదు.

చేయవలసిన పద్ధతి

1. బోర్లను ఎంచుకోండి. కనీసం మూడు కావాలి: గుంటకు ఎగువన, దాని ప్రభావం సోకే అవకాశం లేనిది ఒకటి, గుంటకు దగ్గరగా దిగువన ఒకటి, ఇంకాస్త దూరంగా దిగువన ఒకటి. మూడింటి లోతు, రాతి రకం వీలైనంత దగ్గరగా ఉండాలి, ఎందుకంటే 150 అడుగుల పాత బోరును 800 అడుగుల కొత్త బోరుతో పోల్చడం రెండు వేర్వేరు ఊళ్ల నీళ్లను పోల్చడంతో సమానం. నేల వాలును బట్టి ఎగువ దిగువలు సాధారణంగా తెలుస్తాయి, కానీ గ్రానైటు నేలలో నీరు పగుళ్ల వెంట పోతుంది, సున్నపురాయి నేలలో రాయి కరిగి ఏర్పడిన సొరంగాల వెంట పోతుంది. బెలుం గుహలను చూసినవారికి సున్నపురాయి కింద నీరు ఎంత దూరం, ఎటు మళ్లి పోగలదో వేరే చెప్పనక్కరలేదు. అందువల్ల అలాంటి నేలలో మూడు బోర్లతో సరిపెట్టుకోకుండా నాలుగు దిక్కులా ఒక్కొక్కటి తీసుకోండి.

2. మోటరు ఆడనివ్వండి. నిలవ ఉన్న నీరు కేసింగ్ తుప్పును, పంపు నూనెను, పైనుంచి కారిన మురికిని చూపిస్తుందే తప్ప భూమిలోని నీటిని చూపించదు. ఆరున్నర అంగుళాల బోరులో ఒక్కో అడుగు నీటికి సుమారు ఆరున్నర లీటర్లు పడుతుంది; అంటే 300 అడుగుల నీరు నిలిచి ఉంటే దాదాపు 2,000 లీటర్లు. డెలివరీ పైపు కింద బకెట్ పెట్టి ఎన్ని సెకన్లలో నిండుతుందో చూస్తే ఆ నీరు బయటికి పోవడానికి ఎంతసేపు పడుతుందో మీరే లెక్క కట్టవచ్చు. ఆ తరువాత ఐదు నిమిషాలకొకసారి ఈసీ చూడండి. వరుసగా మూడు రీడింగుల మధ్య తేడా ఐదు శాతం లోపు ఉంటే నమూనా తీయవచ్చు. రోజూ గంటల తరబడి ఆడే వ్యవసాయ బోరుకు అంతసేపు వేచి ఉండనక్కరలేదు, కానీ కరెంటు వచ్చిన మొదటి నిమిషంలోనే సీసా నింపడం మాత్రం కూడదు.

హెచ్చరిక: డ్రిప్పుకు ఎరువు కలిపే వెంచురీ లేదా ఎరువుల ట్యాంకు ఉన్న పైపు నుంచి నీళ్లు తీస్తే నైట్రేట్, పొటాషియం అమాంతం పెరిగి కనిపిస్తాయి. వాటికి ముందే, బోరు నోటి దగ్గరే తీయండి. సంపు, ఓవర్‌హెడ్ ట్యాంకు, ఇంటి కొళాయి నీటిని ఈ పనికి వాడకండి.

3. అక్కడికక్కడే కొలవండి. పీహెచ్, ఈసీ, ఉష్ణోగ్రత నమూనా తీసిన చోటే రాసుకోవాలి. పీహెచ్ ల్యాబుకు చేరేలోపు మారిపోతుంది. మీటరును ఆ ఉదయమే ప్రామాణిక ద్రావణంలో ముంచి సరిచూసుకుని, ఆ అంకెను కూడా పుస్తకంలో రాయండి. చవక టీడీఎస్ మీటర్లతో తరచుగా జరిగే పొరపాటు ఒకటుంది: నీరు బాగా ఉప్పగా ఉంటే తెర మూలన చిన్నగా ‘×10’ అని పడుతుంది. దాన్ని గమనించనివారు 1,800 ఉన్న నీటిని 180గా రాసుకుని, తమ బోరు ఊరందరి బోర్లకన్నా తియ్యనిదని సంతోషపడతారు.

4. సీసాలు నింపండి. లవణాల పరీక్షకు వాడే లీటరు సీసాను ఆ బోరు నీటితోనే మూడుసార్లు తొలిచి, గాలి మిగలకుండా నింపి, మూత బిగించండి. యురేనియం, బేరియం, సీసం వంటి లోహాల పరీక్షకు అర లీటరు సీసా వేరుగా ఉండాలి; అందులో ల్యాబ్ వారు ముందే నైట్రిక్ ఆమ్లం వేసి ఇస్తారు. ఆ సీసాను తొలవకూడదు, పొర్లించకూడదు, ఆమ్లం చేతికి తగలనివ్వకూడదు. ఆమ్లం లేకపోతే లోహాలు సీసా గోడలకు అంటుకుని, రిపోర్టులో ఉన్నదానికన్నా తక్కువ కనిపిస్తాయి. మీరే ఆమ్లం కొనుక్కొచ్చి కలిపే ప్రయత్నం మాత్రం చేయకండి.

నూనె పరీక్షకు గాజు సీసానే వాడాలి, దాన్ని తొలవకుండా ఒకే ధారతో నింపాలి. తొలిస్తే నూనె గోడకు అంటుకుని లెక్క పెరుగుతుంది, పొర్లిస్తే పైన తేలే నూనె పోయి లెక్క తగ్గుతుంది. బెంజీన్ వంటి ఆవిరయ్యే పదార్థాలు కావాలంటే ల్యాబ్ ఇచ్చే చిన్న గాజు బుడ్లను ఒక్క గాలి బుడగ కూడా లేకుండా నింపి, తలకిందులు చేసి చూసుకోండి.

5. నూనె పొర కనిపిస్తే కంగారు పడకండి, ఒక పుల్లతో కదిలించి చూడండి. తొట్టిలో లేదా కాలువలో ఇంద్రధనుస్సు రంగుల పొర కనిపించగానే పెట్రోలియం అనుకునేవారే ఎక్కువ. పుల్ల పెట్టి కదిపితే ఆ పొర పగిలిన అద్దంలా కోణాలున్న ముక్కలుగా విడిపోయి అలాగే ఉండిపోతే, అది ఇనుముపై బతికే సూక్ష్మజీవుల పొర. అందులో చమురు లేదు. పుల్ల వెనకే మెలికలు తిరిగి మళ్లీ కలిసిపోతే అది నూనె. అయితే ఆ నూనె కూడా మీ మోటరుదే కావచ్చు. నూనె నింపిన సబ్‌మెర్సిబుల్ మోటరులో సీలు పోతే ఆ నూనె నేరుగా బోరులోకి కారుతుంది. కొత్తగా వేసిన బోరులో కంప్రెసర్ నూనె కూడా కొన్నాళ్లు కనిపించవచ్చు. నూనె పరీక్షకు డబ్బు పెట్టే ముందు మోటరు ఏ రకమో మెకానిక్కును అడగండి, పక్క బోర్లలో కూడా నూనె వస్తోందేమో చూడండి. ఒక్క బోరులోనే ఉంటే ముందు మోటరును అనుమానించడమే న్యాయం.

హెచ్చరిక: బోరులో గ్యాస్ వాసన వస్తోందని అగ్గిపుల్ల గీసి చూసేవారున్నారు. అది పరీక్ష కాదు, ప్రాణాపాయం.

6. సీసా మీద వెంటనే రాయండి. బోరు గుర్తు, సర్వే నంబరు, తేదీ, సమయం, తీసినవారి సంతకం ఉండాలి. సీసా, బోరు, చుట్టూ గుర్తుపట్టే ఆనవాలు ఒకే ఫోటోలో పడేలా తీయండి. వీలైతే గ్రామ సచివాలయ సిబ్బందిలో ఒకరి ఎదుట తీసి, నోటు పుస్తకంలో వారి సంతకం కూడా తీసుకోండి.

7. చల్లగా, అదే రోజు ల్యాబుకు చేర్చండి. మే నెల ఎండలో బస్సు పైన సంచిలో వేసి పంపిన సీసాలో నైట్రేట్, ఆల్కలినిటీ లెక్కలకు విలువ ఉండదు. సీసాలు ఐసు పెట్టెలో ఉండాలి, గడ్డకట్టకూడదు. శనివారం మధ్యాహ్నం తీసి సోమవారం ఇవ్వడం మనవాళ్లకు మామూలే. వారం మధ్యలో తీయండి.

8. ఏ పరీక్షలు కావాలో మీరే రాసివ్వండి. ‘వాటర్ టెస్ట్’ అని మాత్రమే అడిగితే తాగునీటికి మామూలుగా చేసే నాలుగైదు పరీక్షలు చేసి ఇస్తారు. పీహెచ్, ఈసీ, టీడీఎస్, మొత్తం కాఠిన్యం, కాల్షియం, మెగ్నీషియం, సోడియం, పొటాషియం, ఆల్కలినిటీ, క్లోరైడ్, సల్ఫేట్, నైట్రేట్, ఫ్లోరైడ్ అన్నీ ఉండాలి. వీటిలో ముఖ్యమైన లవణాల లెక్కలు లేకపోతే తరువాత చెప్పబోయే సరిచూపు సాధ్యం కాదు. దీనికి తోడు, టెయిలింగ్ పాండ్ అయితే యురేనియం. చమురు క్షేత్రం అయితే బ్రోమైడ్, బేరియం, మినరల్ ఆయిల్. అద్దకం అయితే రంగు, సీఓడీ అడగండి. గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుల్లో సాధారణ పరీక్షలు నామమాత్రపు రుసుముతో చేస్తారు. లోహాలకు ప్రైవేటు ల్యాబుకు వెళ్తే దానికి ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ మండలి) గుర్తింపు ఉందా అని అడిగి ఊరుకోకుండా, మీరు అడిగే ఆ పరీక్షకే గుర్తింపు ఉందో లేదో చూడండి. గ్రామాల్లో ఇచ్చిన ఫీల్డ్ కిట్ ఏ బోరును ముందు ల్యాబుకు పంపాలో ఎంచుకోవడానికి పనికొస్తుంది, ఫిర్యాదుకు సరిపోదు.

9. రిపోర్టును నమ్మే ముందు సరిచూడండి. లవణాలు నీటిలో కరిగినప్పుడు ధన, రుణ విద్యుదావేశాలున్న కణాలుగా, అంటే అయాన్లుగా విడిపోతాయి; నీటిలో ధన అయాన్ల మొత్తం, రుణ అయాన్ల మొత్తం సమానంగా ఉండి తీరాలి. మిల్లీగ్రాముల్లో ఇచ్చిన అంకెలను ఇలా భాగించండి: మొత్తం కాఠిన్యం 50తో, సోడియం 23తో, పొటాషియం 39తో, అటువైపు ఆల్కలినిటీ 50తో, క్లోరైడ్ 35.5తో, సల్ఫేట్ 48తో, నైట్రేట్ 62తో.

ఉదాహరణకు ఒక రిపోర్టులో కాఠిన్యం 450, సోడియం 230, పొటాషియం 4 ఉన్నాయనుకుందాం. అవి 9, 10, 0.1 అవుతాయి, మొత్తం 19.1. ఆల్కలినిటీ 350, క్లోరైడ్ 284, సల్ఫేట్ 144, నైట్రేట్ 62 ఉంటే 7, 8, 3, 1 చొప్పున మొత్తం 19. రెండూ కలిశాయి. ఈసీని 100తో భాగిస్తే కూడా దాదాపు ఇదే అంకె రావాలి; అంటే ఈ నీటి ఈసీ 1,900 చుట్టూ ఉండాలి, టీడీఎస్ అందులో 0.55 నుంచి 0.75 వంతు మధ్య ఉండాలి. రెండు మొత్తాల తేడాను వాటి కూడికతో భాగించి చూస్తే పది శాతం దాటితే ఎక్కడో తప్పుంది, మళ్లీ చేయమని అడిగే హక్కు మీకుంది. తేడా ప్రతి రిపోర్టులోనూ సరిగ్గా సున్నా వస్తే అదీ అనుమానించవలసిందే: సోడియంను కొలవకుండా, మిగతా వాటి నుంచి తీసివేసి రాశారేమో అడగండి. నైట్రేట్‌ను కొన్ని ల్యాబులు నైట్రోజన్‌గా ఇస్తాయి; అప్పుడు 4.43తో గుణించాలి.

ఒకే బోరు నీటిని రెండు సీసాల్లో నింపి, వేర్వేరు పేర్లు రాసి పంపడం ల్యాబును పరీక్షించే చవకైన ఉపాయం. రెండు అంకెలు బాగా తేడాగా వస్తే ఆ రోజు ఇచ్చిన రిపోర్టులన్నీ పక్కన పెట్టవచ్చు.

10. ఇప్పుడు పోల్చండి. తాగునీటికి ఐఎస్ 10500 అనే భారత ప్రమాణంలో రెండేసి అంకెలుంటాయి: ఆమోదయోగ్యమైనది ఒకటి, వేరే నీటి వనరు లేనప్పుడు మాత్రమే అనుమతించేది మరొకటి. టీడీఎస్‌కు 500, 2,000, క్లోరైడ్‌కు 250, 1,000, సల్ఫేట్‌కు 200, 400, ఫ్లోరైడ్‌కు 1.0, 1.5 మి.గ్రా. నైట్రేట్‌కు 45, బేరియానికి 0.7, మినరల్ ఆయిల్‌కు 0.5 మి.గ్రా.; ఈ మూడింటికి సడలింపు లేదు. యురేనియానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరుకు 30 మైక్రోగ్రాములు పెట్టగా, అణుశక్తి నియంత్రణ మండలి 60 పెట్టింది. రెండు పరిమితులున్నాయి కాబట్టి ఫిర్యాదులో ఏది వాడుతున్నారో స్పష్టంగా రాయండి.

పరిమితి దాటడం ఒక సంగతి, కలుషితం కావడం మరొక సంగతి. ఎగువ బోరులో క్లోరైడ్ 120, సల్ఫేట్ 60 ఉండి, గుంట దగ్గరి బోరులో 240, 190 ఉంటే రెండూ ప్రమాణంలోపే ఉన్నాయి. అయినా ఏదో చేరుతోంది. ఎగువలో, దిగువలో ఒకే రకంగా ఎక్కువగా ఉంటే అది రాతి గుణమో, ఊరి మురుగో అయ్యే అవకాశమే ఎక్కువ. యురేనియం కూడా కొన్ని గ్రానైటు నేలల నీటిలో సహజంగా ఉంటుంది కాబట్టి, ఎగువ బోరు లెక్క లేకుండా ఆ ఒక్క అంకెను పట్టుకుని ముందుకు వెళ్లకండి. అన్నిటికన్నా బలమైన సాక్ష్యం ఏమిటంటే, గుంట నీటిలో ఉన్న రెండు మూడు అంశాలు కలిసి దగ్గరి బోరులో ఎక్కువగా, దూరపు బోరులో తక్కువగా, ఎగువ బోరులో ఇంకా తక్కువగా కనిపించడం.

ఇదే పనిని మే నెలలోనూ, వానలయ్యాక డిసెంబరులోనూ చేయండి. మే లెక్కను మేతో, డిసెంబరు లెక్కను డిసెంబరుతోనే పోల్చాలి. నీటిమట్టం పడిపోయిన వేసవిలో లవణాలు సహజంగానే పెరగవచ్చు, కొన్ని బోర్లలో మొదటి వానలకే పెరగవచ్చు కూడా.

ఈలోగా తాగే నీళ్ల సంగతి

కాచినంత మాత్రాన లవణాలు, లోహాలు పోవు. నీరు ఆవిరై అవి ఇంకా చిక్కబడతాయి. ఆర్‌ఓ యంత్రం లవణాలను, యురేనియంను బాగా తగ్గిస్తుంది, కానీ నూనె ఉన్న నీటికి దాని పొర త్వరగా పాడవుతుంది. అనుమానం తేలేదాకా పిల్లలకు, గర్భిణులకు ఆ బోరు నీళ్లు పోయకండి. పశువులకు కూడా వేరే నీరు దొరికితే అదే పెట్టండి.

ఫిర్యాదు చేయడం

కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి లిఖితపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి. బోర్ల పటం, తేదీలు, రిపోర్టులు, ఫోటోలు జతచేయండి. ‘ఊరంతా చచ్చిపోతోంది’ వంటి మాటలు వద్దు. నకలు కలెక్టరుకు, భూగర్భ జల శాఖకు పంపండి. ఆ శాఖకు దగ్గరలో పరిశీలక బోరు ఉంటే దాని పాత లెక్కలు అడగండి, గుంట రాకముందటి నీరు ఎలా ఉండేదో వాటిలోనే దొరుకుతుంది. పరిశ్రమకు ఇచ్చిన అనుమతి షరతులు, అస్తరు వివరాలు, పరిశీలక బోర్ల రిపోర్టులు సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో అడగవచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి.

పరిశ్రమ తరఫువారు బయటికి వదిలే వ్యర్థజలానికి పెట్టిన పరిమితిని మీ బోరుకు వర్తింపజేసి ‘అంతా లోబడే ఉంది’ అని చెప్పడం తరచుగా ఎదురవుతుంది. నూనె, గ్రీజులకు వ్యర్థజలంలో 10 మి.గ్రా. దాకా అనుమతి ఉంది. తాగునీటిలో మినరల్ ఆయిల్‌కు ఉన్నది అర మిల్లీగ్రామే. ఏ ప్రమాణం గురించి మాట్లాడుతున్నారో అడిగి, జవాబును రాతలో తీసుకోండి.

మీరు చేయించిన రిపోర్టు విచారణ మొదలుపెట్టించడానికి. పరిశ్రమపై చర్యకు బలం ఇచ్చేది, 1974 నాటి నీటి చట్టం 21వ సెక్షన్ ప్రకారం మండలి అధికారులు తీసి, సీలు వేసిన నమూనా. అందువల్ల ఆ నమూనా తీయమని ఫిర్యాదులోనే అడగండి. అధికారులు వచ్చిన రోజు మీరు అక్కడ ఉండి, మీరు ఎంచుకున్న బోర్లలోనే, మోటరు తగినంతసేపు ఆడాకే తీస్తున్నారో లేదో చూసుకుని, అదే నీటిని మీ సీసాలో కూడా పట్టుకోండి. జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు, మనకైతే చెన్నైలోని దక్షిణ బెంచికి, వెళ్లాలనుకుంటే వివాదం తలెత్తిన నాటి నుంచి ఆరు నెలల్లోగా వెళ్లాలి, తగిన కారణం చూపితే మరో 60 రోజులు ఇస్తారు. పంట నష్టానికి, ఆరోగ్య నష్టానికి పరిహారం అడగడానికి మాత్రం ఐదేళ్ల గడువుంది. మొదటి రిపోర్టు మీద ఉన్న తేదీ ఈ లెక్కల్లో పనికొస్తుంది కాబట్టి అసలు కాగితాన్ని ఎవరికీ ఇవ్వకుండా నకళ్లే పంచండి.